నల్లటి పూతా, బూడిద రంగు టైటానియమా: గీతలు కనపడని వాచీ ఏది?

ప్రశ్న: వారంలో నాలుగు రోజులు పరుగెత్తుతాను. రెండు రోజులు జిమ్‌లో బార్‌బెల్ ఎత్తుతాను. మిగతా టైమంతా ల్యాప్‌టాప్ ముందే. మొదట కొన్న నల్లటి అల్యూమినియం స్పోర్ట్స్ వాచీకి ఏడాది తిరక్కుండానే అంచుల్లో నలుపు పోయి తెల్లటి లోహం బయటపడింది. గ్లాసు మీద కూడా సన్నటి గీతలు పడ్డాయి. ఈసారి ఇంకాస్త ఖర్చయినా మంచిది తీసుకుందామనుకుంటున్నాను. నాకు నచ్చిన మోడల్ మూడు రకాలుగా దొరుకుతోంది: నిగనిగలాడే స్టీలు, నల్లటి డీఎల్‌సీ (వజ్రం లాంటి కార్బన్) పూత ఉన్న టైటానియం, ఏ పూతా లేని బూడిద రంగు టైటానియం. నాకు నల్లదే ఇష్టం. కానీ మళ్లీ అదే జరుగుతుందేమోనని టెన్షన్. టైటానియానికి అసలు గీతలే పడవని ఒక ఫ్రెండ్ అంటోంది, స్టీలు కంటే త్వరగా పడతాయని ఇంకో ఫ్రెండ్ అంటోంది. ఎవరి మాట నమ్మాలి? పైన కవర్ వేసుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చెప్పిన మూడింట్లో మీ అలవాట్లకు సరిపోయేది పూత లేని టైటానియం. గ్లాసు మాత్రం సఫైర్ అనే గట్టి స్ఫటికంతో చేసిందే తీసుకోండి. నల్లదే ఇష్టమని మీరు స్పష్టంగా రాశారు కాబట్టి ఈ మాట మీకు రుచించకపోవచ్చు. అందుకే కారణాలు వివరంగా చెప్తాను. అవి చదివాక కూడా మనసు నలుపు మీదే ఉంటే దాన్ని ఎలా చూసి కొనాలో కూడా చెప్తాను.

ముందు మీ ఫ్రెండ్స్ సంగతి. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, వేర్వేరు టైటానియాల గురించి చెప్పారు. లోహం ఎంత గట్టిదో కొలవడానికి వికర్స్ అనే కొలత ఉంది. చిన్న వజ్రపు మొనను లోహం మీద నొక్కి, పడిన గుంట ఎంత పెద్దదో చూస్తారు. వాచీల్లో ఎక్కువగా వాడే 316ఎల్ స్టీలు ఆ కొలతలో సుమారు 150 నుంచి 200 దాకా ఉంటుంది. మిశ్రమం కలపని శుద్ధ టైటానియం, అంటే గ్రేడ్ 2, కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. అల్యూమినియం, వెనేడియం కలిపిన గ్రేడ్ 5 టైటానియం 300 దాటుతుంది. కాబట్టి గ్రేడ్ 2 వాచీ కట్టుకున్నవాళ్లు 'స్టీలు కంటే నయమేం కాదు' అంటే నిజమే. గ్రేడ్ 5 వాచీ కట్టుకున్నవాళ్లు 'బాగా తట్టుకుంటోంది' అన్నా నిజమే. అసలు గీతలే పడవు అనడం మాత్రం ఏ గ్రేడుకైనా ఎక్కువే. టైటానియానికి పేరు తెచ్చింది బలం, తేలిక. స్టీలు బరువులో సగానికి కొంచెం ఎక్కువ ఉంటుంది, చెమటకు తుప్పు పట్టదు. గీతలు పడకపోవడం వేరే గుణం, దాన్ని పక్కన పెట్టి విడిగా అడగాలి. మీరు కొనబోయే మోడల్ వివరాల్లో ఉత్త 'టైటానియం' అనే ఉంటే గ్రేడ్ ఎంత అని అడగండి. గ్రేడ్ 5 వాడిన కంపెనీ ఆ మాట దాచుకోదు, గొప్పగా చెప్పుకుంటుంది.

టైటానియం పైపొరను గట్టిపరిచే పద్ధతులూ ఉన్నాయి. 1970లో మొట్టమొదటి టైటానియం చేతివాచీ చేసిన సిటిజన్ కంపెనీ, తర్వాత దాని పైభాగాన్ని గట్టిపరచడం మీద చాలా పని చేసింది. వాళ్లు డ్యూరాటెక్ట్ అనే పేరుతో అమ్మేది అదే. అలాంటి పేరు ఏదైనా మీ మోడల్‌కు ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు గీతలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. చాలామంది ఇనుప వస్తువులనే అనుమానిస్తారు గానీ, రోజూ పని కానిచ్చేది దుమ్ము. దుమ్ములో, ఇసుకలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. 1812లో ఫ్రీడ్రిష్ మోస్ ఖనిజాలను గట్టిదనం ప్రకారం 1 నుంచి 10 దాకా వరస పెట్టాడు. అందులో క్వార్ట్జ్‌ది 7. మామూలు వాచీ గ్లాసుది 5.5కు, 6కు మధ్య. స్టీలు, టైటానియం, అల్యూమినియం ఏదైనా క్వార్ట్జ్ ముందు మెత్తనే. బల్ల మీద చెయ్యి ఆనించి జరిపినప్పుడు మధ్యలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు. అందువల్ల పూత లేని ఏ లోహమూ గీత తప్పించుకోలేదు. దీన్ని ముందే ఒప్పుకుంటే ఎంపిక తేలికవుతుంది. అప్పుడు మనం అడగాల్సింది గీత పడుతుందా అని కాదు, పడ్డ గీత ఏ రంగులో కనిపిస్తుంది అని.

మీ పాత వాచీ అంత త్వరగా పాతబడింది సరిగ్గా ఇక్కడే. అల్యూమినియం వాచీల మీద నలుపు పెయింట్ కాదు. యానోడైజింగ్ అనే పద్ధతిలో లోహం పైభాగాన్నే ఆక్సైడ్ పొరగా మార్చి, దాని సన్నటి రంధ్రాల్లో రంగు ఇంకిస్తారు. ఆ పొర గట్టిదే. కానీ అది ఒక మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు ఉంటే గొప్ప. దాని కింద ఉన్న అల్యూమినియం మెత్తన. చెరువు గట్టున పైపైన ఎండిన బురద మీద కాలు వేసి చూడండి. పైన పెచ్చు గట్టిగానే ఉంటుంది, కింద దిగబడేసరికి అదీ పగిలిపోతుంది. మీ వాచీ అంచుల్లో జరిగింది అదే. పైగా లోపలి లోహం తెల్లన, పైన నలుపు. వెంట్రుకంత గీత పడినా గజం దూరం నుంచి కనిపిస్తుంది. అంచుల్లోనే ముందు పోవడానికి కారణం, దెబ్బ మొత్తం అక్కడ ఒక్క బిందువు మీద పడటం.

డీఎల్‌సీ దీనికంటే చాలా మెరుగు, దాన్ని తక్కువ చేయను. వజ్రంలో ఉండే లాంటి బంధాలు కొంత, గ్రాఫైట్‌లో ఉండే లాంటివి కొంత కలిసిన కార్బన్ పొర అది. వికర్స్ కొలతలో సాధారణంగా 1500 పైనే ఉంటుంది, ఇంకా చాలా ఎక్కువ ఉండేవీ ఉన్నాయి. ల్యాప్‌టాప్ అంచుకు ఒరుసుకోవడం, జేబులోని తాళాలు తగలడం, చొక్కా మణికట్టులో చేరిన దుమ్ము రాపిడి, ఇవేవీ దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. కానీ ఈ పొర మందం మైక్రాన్లలోనే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మామూలుగా ఒకటి నుంచి ఐదు. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. రాపిడికి తట్టుకునే ఈ పొర గట్టి దెబ్బ తగిలితే కింది లోహంతో పాటు సొట్టపోయి పెచ్చు లేస్తుంది. లేచిన చోట కింది టైటానియం బూడిద రంగులో బయటపడుతుంది. దాన్ని దిద్దే మార్గం మన చేతుల్లో ఉండదు. ఈ పూత విడి భాగాలకు శూన్యపు గదిలో వేసేది. సెన్సర్లు, రబ్బరు సీళ్లు బిగించేసిన వాచీకి మళ్లీ వేయించడం అయ్యే పని కాదు.

మీకు నలుపు వద్దనడానికి నా దగ్గరున్న కారణం బార్‌బెల్. మీరు పరుగు, ల్యాప్‌టాప్ మాత్రమే రాసి ఉంటే డీఎల్‌సీ నిశ్చింతగా తీసుకోమనేవాణ్ని. బార్‌బెల్ పట్టుకునే చోట వేళ్లు జారకుండా గరుకు గళ్లు చెక్కి ఉంటాయి. ఆ స్టీలు వాచీ స్టీలు కంటే గట్టిది, ఒక్కో గడి ఒక్కో మొన. 'క్లీన్' అనే లిఫ్ట్‌లో బార్‌ను నేల నుంచి భుజాల దాకా ఎత్తి మణికట్టు వెనక్కి విరిచినప్పుడు వాచీ అంచు ఆ మొనల మీద బరువుతో సహా నొక్కుకుంటుంది. కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) అయితే నేరుగా మణికట్టు మీదే వచ్చి వాలుతుంది. ఇది రాపిడి కాదు, దెబ్బ. పలుచటి పూతకు చేతకానిది సరిగ్గా ఇదే.

పూత గురించి అడిగేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. 'పీవీడీ ఫినిష్' అని రాసి ఉంటే దాంతో ఏమీ తేలదు. పీవీడీ అంటే శూన్యంలో ఆవిరి రూపంలో పొర వేసే పద్ధతి మాత్రమే. ఆ పద్ధతిలో బంగారు రంగు టైటానియం నైట్రైడ్ వేయొచ్చు, నల్లటి పొరలు చాలా రకాలు వేయొచ్చు. ఏ పదార్థం వేశారు, దాని కింద లోహం ఏది అన్నవే అడగాల్సిన రెండు ప్రశ్నలు. కింది లోహాన్ని ముందుగా గట్టిపరిచి ఆ పైన పూత వేసిన వాచీలు ఉన్నాయి. జర్మనీకి చెందిన జిన్ కంపెనీ టెజిమెంట్ అనే పద్ధతిలో స్టీలు పైభాగాన్ని 1200 వికర్స్ దాకా తెచ్చి, కొన్ని మోడళ్లలో దాని మీద నల్లటి పొర వేస్తుంది. పైపొరకు కింద గట్టి ఆధారం ఉంటే పెచ్చు లేవడం బాగా తగ్గుతుంది. స్మార్ట్ వాచీల్లో ఇలాంటివి కనపడటం అరుదు. అందుకే నల్లటి స్మార్ట్ వాచీలో కనీసం గ్రేడ్ 5 టైటానియం మీద డీఎల్‌సీ అయితే ఆలోచించండి, అల్యూమినియం మీద నలుపు అయితే ఇక వద్దు.

నిగనిగలాడే స్టీలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ జీవితానికి అది నప్పదు. కొన్న వారానికే టేబుల్ లైటు కింద వంచి చూస్తే గుండ్రంగా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు తేలతాయి. అద్దంలా ఉన్న చోట ప్రతి గీతా వెలుతురును పక్కకు విసురుతుంది కాబట్టి చిన్నది కూడా దాగదు. మళ్లీ పాలిష్ పట్టించవచ్చు, నిజమే. పట్టించిన ప్రతిసారీ కొంత లోహం అరిగి పదునైన అంచులు మొద్దుబారతాయి. బరువు వల్ల పరుగులో మణికట్టు మీద ఊగడం కూడా మీకు చికాకు తెప్పిస్తుంది.

ఇక పూత లేని టైటానియం. ఇందులోనూ రెండు రకాలు ఉంటాయి, కొనేముందు చేతిలోకి తీసుకుని చూడండి. ఒకటి బ్రష్డ్: ఒకే దిశలో సన్నటి గీతలు లాగి ఉంటాయి. రెండోది బ్లాస్టెడ్: సన్నటి పూసలతో కొట్టి మొత్తం మ్యాట్‌గా, గీతలేమీ లేకుండా చేసింది. మీకు బ్రష్డ్ మంచిది. దాని మీద ముందే వేల గీతలు ఉన్నాయి. కొత్తగా పడ్డది అదే దిశలో పడితే అందులో కలిసిపోతుంది, అడ్డంగా పడితే కొన్నాళ్లు కనిపిస్తుంది. మ్యాట్ మీద పడ్డ గీత మెరుస్తూ కనిపిస్తుంది, దాన్ని ఇంట్లో దిద్దడం కుదరదు. రెండింటిలోనూ ఒక సుఖం ఉంది: పైన ఏ రంగో లోపలా అదే రంగు. మొదటి నెలలో పడ్డ గీత కొట్టొచ్చినట్టు కనిపించి బాధపెడుతుంది. దాని పక్కన ఇంకో నాలుగు పడి, చేతి జిడ్డు పట్టాక ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. మొత్తం కేసు, అంటే వాచీ లోహపు చట్రం, ఒకే రకంగా పాతబడుతుంది. నల్లటి వాచీ ఎప్పటికీ అలా పాతబడదు. దాని మీద మచ్చ మచ్చగానే ఉంటుంది.

బ్రష్డ్ కేసు మీద అడ్డగీత మరీ కంటికి గుచ్చుకుంటే చేసే పని ఒకటుంది. గ్లాసుకు, వెనక సెన్సరుకు, మైక్, స్పీకర్ రంధ్రాలకు, బటన్లకు మాస్కింగ్ టేపు పక్కాగా అంటించండి. గిన్నెలు తోమే గరుకు పచ్చ పీచు చిన్న ముక్క తీసుకుని, కేసు మీద గీతలు ఏ వైపు ఉన్నాయో ఆ వైపే, ఒకే దిశలో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు, గుండ్రంగా అసలు తిప్పకూడదు. నాలుగైదు సార్లు లాగి ఆపి, తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో చూడండి. సన్నటి గీతైతే ఆ పాటికే కలిసిపోయి ఉంటుంది. లోతుగా పడ్డది పోదు. దాని కోసం గట్టిగా రుద్దితే ఆ చుట్టుపక్కలంతా వేరే రంగులో కనిపిస్తుంది, వదిలేయండి. పూత ఉన్న వాచీ మీద గానీ, గట్టిపరిచిన పైపొర మీద గానీ, మ్యాట్ మీద గానీ ఈ పని ఎప్పుడూ చేయొద్దు.

గ్లాసుకు వద్దాం. మోస్ వరసలో సఫైర్‌ది 9, దాని పైన ఉన్నది వజ్రమే. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నూయ్ దీన్ని కృత్రిమంగా తయారు చేసే పద్ధతిని వెల్లడించాడు, ఇప్పుడు వాచీల్లో వచ్చేదంతా కృత్రిమ సఫైరే. ఇసుక, గోడ, గ్రానైటు బండ, బార్‌బెల్ ఏదీ మామూలుగా దాన్ని గీరలేదు. గరుకు కాగితానికి, గోళ్లు అరగదీసే ఆకురాయికి మాత్రం దూరంగా ఉంచండి. వాటి మీద ఉండే అల్యూమినియం ఆక్సైడ్, సఫైర్ రెండూ ఒకే పదార్థం. రసాయనాలతో బలపరిచిన గ్లాసులు కూడా మంచివే, వాటి పని వేరు: కింద పడితే పగలకుండా తట్టుకోవడం. గీతల విషయంలో సఫైర్‌కు సాటిరావు. మీకు గీతల సమస్యే కాబట్టి సఫైర్ అంటున్నాను. దానికి రెండు లోపాలున్నాయి. అంచు మీద గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. మామూలు గ్లాసు కంటే వెలుతురును ఎక్కువ తిప్పికొడుతుంది. ఒక్కో వైపు మామూలు గ్లాసు 4 శాతం తిప్పికొడితే సఫైర్ దాదాపు 8 శాతం. ఎండలో పరుగెత్తేటప్పుడు స్క్రీన్ కొంచెం తక్కువ స్పష్టంగా అనిపించవచ్చు, ఒకసారి బయట వెలుతురులో పెట్టి చూసుకోండి. మెరుపు తగ్గించే పొర గ్లాసుకు పైవైపు వేసి ఉంటే ఆ పొర మాత్రం గీతలు పడుతుంది. అది చూసి సఫైర్‌కే గీతలు పడ్డాయని చాలామంది గాభరా పడతారు. లోపలివైపు మాత్రమే ఆ పొర ఉన్నది ఎంచుకోవడం మేలు.

గ్లాసు కంటే దాని చుట్టూ ఉండే అంచు, అంటే బెజెల్, వెంట్రుకవాసి ఎత్తుగా ఉందా లేదా అన్నది కూడా చూడండి. వేలి గోరుతో మధ్య నుంచి అంచు వైపు లాగితే తెలిసిపోతుంది. ఎత్తుగా ఉంటే దెబ్బ బెజెల్ తింటుంది, గ్లాసు బతుకుతుంది. గ్లాసు అంచులు వంపు తిరిగి బయటికి ఉబ్బి ఉన్న డిజైన్ జిమ్ చేసేవాళ్లకు వద్దు.

కవర్ సంగతి అడిగారు. వేసుకోవచ్చు, కానీ వేసి మర్చిపోతే అది కూడా గీతలు పెడుతుంది. కవర్‌కూ కేసుకూ మధ్య చెమటతో పాటు ఇసుక చేరి, చెయ్యి ఊపిన ప్రతిసారీ రుద్దుతూ ఉంటుంది. నల్లటి వాచీని కాపాడదామని కవర్ వేసి, ఆరు నెలలకు తీసి చూస్తే మూలల్లో వలయాలుగా అరిగి ఉండటం మామూలే. వేస్తే జిమ్‌కు వెళ్లేటప్పుడు మాత్రమే వేసి, ఇంటికొచ్చాక తీసి రెండింటినీ నీళ్లతో కడగండి. సఫైర్ గ్లాసుకు పైన ఫిల్మ్ అవసరమే లేదు.

దానికంటే బార్‌బెల్ రోజున వాచీ మణికట్టు మీద లేకపోవడమే మంచి రక్షణ. గుండె వేగం కావాలంటే ఛాతీ బెల్టు కట్టుకుని, వాచీని బ్యాగులోనో పక్కన స్టాండుకో పెట్టండి. బెల్టు సిగ్నల్ వాచీకి అందుతుంది. బరువులు పట్టుకుని మణికట్టు బిగించినప్పుడు వాచీ సెన్సర్ కంటే ఛాతీ బెల్టు లెక్కే నమ్మకంగా ఉంటుంది కాబట్టి మీకు రెండు విధాలా లాభం. ఇది మీరు పాటించగలిగితే నల్ల డీఎల్‌సీకి నా అభ్యంతరం చాలావరకు పోతుంది. పాటించలేననుకుంటే బూడిద రంగే తీసుకోండి. నలుపు తప్పదు, వాచీ తీయడమూ కుదరదు అంటే మూడో దారి నల్లటి రెజిన్ (ప్లాస్టిక్) కేసు. 1983లో క్యాసియో కంపెనీ మొదటి జీ-షాక్ వాచీ వచ్చినప్పటి నుంచి దెబ్బలు తినే వాచీలకు ప్లాస్టిక్ నమ్మకమైన సరుకే. లోపలి దాకా నలుపే కాబట్టి గీత పడినా తెల్లగా బయటపడేది ఏమీ ఉండదు. ఖరీదైన రూపం మాత్రం ఉండదు.

డీఎల్‌సీ తీసుకుంటే మీకు ఎదురయ్యే ఒక అనుభవం ముందే చెప్పి ఉంచుతాను. ఒకరోజు నల్లటి కేసు మీద బూడిద రంగులో మెరిసే చార ఒకటి కనిపిస్తుంది, పూత పోయిందని ప్రాణం ఉసూరుమంటుంది. తొందరపడకండి. గోరు ఆనించి లాగండి. గోరుకు గుంట తగలకపోతే అది బహుశా గీత కాదు. మెత్తటి లోహమేదో పూతకు ఒరుసుకుని, తనే అరిగి, కొంచెం అక్కడ అంటుకుపోయింది. ల్యాప్‌టాప్ అంచు, తలుపు గడియ, డంబెల్ హ్యాండిల్ ఇలాంటివి చేసే పని. పెన్సిల్ రబ్బరు తీసుకుని నెమ్మదిగా తుడిస్తే చాలాసార్లు పూర్తిగా పోతుంది. సెరామిక్ వాచీల మీద కూడా ఇలాగే జరుగుతుంది.

పరుగు నుంచి వచ్చాక వాచీని పొడిగుడ్డతో తుడవొద్దు. ముందు మంచినీళ్ల కింద పట్టి ఇసుక, ఉప్పు పోనిచ్చి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి. ఎండిన ఇసుకను గుడ్డతో రుద్దితే ఎంత మంచి ఫినిష్ అయినా పాడవుతుంది.

మిగిలింది బకిల్. రోజంతా ల్యాప్‌టాప్ మీద ఆనేది వాచీ కాదు, మణికట్టు కింద ఉండే బకిలే. లోహపు బకిల్ ఉన్న స్ట్రాప్‌తో వస్తే ఆఫీసు రోజులకు వెల్క్రో ఉన్న నైలాన్ స్ట్రాప్ ఒకటి అదనంగా తీసుకోండి. బకిల్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఇద్దరికీ మంచిది, పరుగులో బిగింపు సరిచేసుకోవడమూ తేలిక.